దివ్యాంగులైన పిల్లలున్న కుటుంబాలకు ఆదాయపు పన్ను మినహాయింపు: నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల కోసం సమగ్ర మార్గదర్శి

వైకల్యమున్న బిడ్డను పోషిస్తున్న తల్లిదండ్రులు తమ మొత్తం ఆదాయంలో నుంచి ఏటా ఒక స్థిరమైన మొత్తాన్ని తగ్గించి చూపుకొనేందుకు ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 80డీడీ సెక్షన్ అవకాశమిస్తోంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయలు తగ్గించుకోవచ్చు. వైద్యం, నర్సింగ్, శిక్షణ, పునరావాసం వంటి వాటికి ఏడాదిలో పదివేలు ఖర్చయినా, మూడు లక్షలు ఖర్చయినా తగ్గేది ఈ స్థిరమైన మొత్తమే. ఖర్చు కొంతైనా జరిగి ఉండాలి గానీ, అది ఎంతన్నది ఈ సెక్షన్‌కు పట్టదు.

చాలా ఇళ్లలో ఒక అపోహ ఉంది. 1,25,000 రూపాయలు పన్నులో నుంచి తగ్గుతాయని, లేదా రిఫండుగా బ్యాంకు ఖాతాలో పడతాయని అనుకుంటారు. తగ్గేది ఆదాయం మాత్రమే. 20 శాతం శ్లాబులో ఉన్న తండ్రికి 1,25,000 రూపాయల మినహాయింపు వల్ల సెస్సుతో కలిపి ఆదా అయ్యే పన్ను 26,000 రూపాయలు. 75,000 రూపాయల మినహాయింపు వల్ల 15,600 రూపాయలు. 30 శాతం శ్లాబులో ఉంటే ఇవే వరుసగా 39,000, 23,400 రూపాయలు అవుతాయి. ముందు ఈ అంకెలు మనసులో పెట్టుకుంటే, ఏ పనికి ఎంత తిరగాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు.

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన ఆదాయానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తిస్తుంది. అందులో ఇదే మినహాయింపు 127వ సెక్షన్‌లో ఉంది.

ఎవరు కోరవచ్చు

భారతదేశంలో నివాసిగా లెక్కకు వచ్చే వ్యక్తి గానీ, హిందూ అవిభక్త కుటుంబం గానీ దీనిని కోరవచ్చు. తండ్రి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి ఆ ఏడాదికి ప్రవాసిగా లెక్కకు వస్తే ఆయనకు ఇది దొరకదు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న తల్లికి బిడ్డ పోషణ భారం ప్రధానంగా తన మీదే ఉంటే ఆమె కోరవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులైన ఇంట్లో బిడ్డ ప్రధానంగా ఎవరి మీద ఆధారపడి ఉంటే వారే కోరాలి. ఇద్దరూ ఒకే బిడ్డ పేరుతో వేసుకోవడం మంచిది కాదు. ఎవరి ఆదాయం పై శ్లాబులో ఉందో చూసి, పోషణ ఖర్చును వారి ఖాతా నుంచే నడపడం వివేకం.

బిడ్డకు వయోపరిమితి లేదు. ముప్పై ఏళ్లు దాటిన కొడుకైనా, కూతురైనా ఆధారపడి ఉన్నంత కాలం ఈ సెక్షన్ వర్తిస్తుంది. పిల్లలతో పాటు జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఆధారితుల కిందికి వస్తారు. అయితే ఆ ఆధారితులు తమ సొంత రిటర్నులో 80యూ సెక్షన్ కింద మినహాయింపు పొంది ఉంటే వారి పేరుతో మరొకరు 80డీడీ కోరకూడదు.

కాగితాల కోసం తిరిగే ముందు చేయవలసిన లెక్క

ఇలాంటి మినహాయింపులకు చోటున్న పాత పన్ను విధానంలో మాత్రమే 80డీడీ దొరుకుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానమే సహజంగా వర్తించే విధానమైంది కాబట్టి, మనం ప్రత్యేకంగా కోరితే తప్ప పాత విధానం వర్తించదు. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు రిబేటు వల్ల పన్ను లేదు. జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకొంటే 12,75,000 రూపాయల జీతం వరకు పన్ను పడదు. కాబట్టి మిర్యాలగూడలో ఏడాదికి తొమ్మిది లక్షల జీతం తీసుకొంటున్న ఒక ఉపాధ్యాయురాలికి 80డీడీతో పనే లేదు. ఆమె పన్ను ఇప్పటికే సున్నా. ఆమెను పాత విధానంలోకి తెచ్చి, 80డీడీ వేసి, "పన్ను తగ్గించాను" అని ఫీజు తీసుకొనే వారుంటే ఆ ఫీజు దండగే.

లెక్క రసవత్తరంగా మారేది 12,75,000 దాటిన తరువాతనే. మహబూబ్‌నగర్‌లో 14 లక్షల స్థూల జీతమున్న ఒక ఉద్యోగిని తీసుకుందాం. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13,25,000 రూపాయలు మిగులుతాయి. పన్ను 78,750, సెస్సుతో 81,900 రూపాయలు. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద (పీఎఫ్, జీవిత బీమా వంటి పొదుపులకు) 1,50,000, గృహ రుణ వడ్డీ 2,00,000, ఆరోగ్య బీమా 25,000, తీవ్ర వైకల్యమున్న కుమారుడి కోసం 80డీడీ కింద 1,25,000 తీసివేస్తే 8,50,000 మిగులుతాయి. పన్ను సెస్సుతో 85,800 రూపాయలు. అంటే ఇన్ని మినహాయింపులున్నా పాత విధానమే 3,900 రూపాయలు ఎక్కువ. అదే ఉద్యోగి జాతీయ పింఛను పథకంలో 50,000 రూపాయల అదనపు మినహాయింపు కూడా పొందగలిగితే ఆదాయం 8,00,000కు దిగి, పన్ను 75,400 రూపాయలు అవుతుంది. అప్పుడు పాత విధానం 6,500 రూపాయలు తక్కువ.

ఈ లెక్కను బట్టి, నా అభిప్రాయంలో, గృహ రుణం గానీ, పెద్ద మొత్తంలో ఇంటి అద్దె మినహాయింపు గానీ లేని కుటుంబానికి 80డీడీ ఒక్కటే పాత విధానాన్ని గట్టెక్కించదు. ప్రతి ఏడాదీ రెండు విధానాల్లోనూ లెక్క వేసి చూడవలసిందే. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని ట్యాక్స్ కాలిక్యులేటర్ ఈ పనిని ఉచితంగా చేసిపెడుతుంది. లెక్క పాత విధానం వైపు తేలినవారికే ఈ కింది మెట్లు పన్ను కోసం అవసరమవుతాయి. సర్టిఫికెట్ సంగతి వేరు. పింఛను, రైలు రాయితీ, చదువు, ఉద్యోగ రిజర్వేషన్ అన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి పన్ను ఉన్నా లేకున్నా అది తీసుకోవలసిందే.

మొదటి మెట్టు: వైకల్య ధ్రువీకరణ పత్రం

మన జిల్లాల్లో ఇప్పటికీ అందరూ దీనిని సదరం సర్టిఫికెట్ అనే అంటారు. ఇప్పుడు దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. ధ్రువపత్రంతో పాటు యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డు వస్తుంది. ఇంట్లో ఫోను నుంచి గానీ, మీసేవ కేంద్రంలో గానీ దరఖాస్తు చేయవచ్చు. బిడ్డ ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, ఇంతకు ముందు చేయించిన వైద్య పరీక్షల కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. దరఖాస్తులో బిడ్డ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే; తరువాత రిటర్నులో ఆధార్ సంఖ్య, యూడీఐడీ సంఖ్య రెండూ ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి ఆ తేడాను ఇక్కడే సరిచేయించుకోవడం మేలు.

పరీక్ష కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రుల వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లవలసి వస్తుంది. నివాసమున్న జిల్లాలోనే కాక, బిడ్డ చికిత్స పొందుతున్న జిల్లాలోని అధీకృత వైద్య సంస్థకు కూడా దరఖాస్తు చేసుకొనే వీలు నిబంధనల్లో ఉంది. గద్వాల వైపు నుంచి కర్నూలుకు, మక్తల్ వైపు నుంచి రాయచూరుకు వైద్యానికి వెళ్లే కుటుంబాలకు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం.

శాతం ఎలా వేస్తారన్నది తల్లిదండ్రులకు ఎవరూ వివరంగా చెప్పరు. కానీ పన్ను లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది. మేధో వైకల్యం విషయంలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్వల్ప స్థాయికి 50 శాతం, మధ్యస్థ స్థాయికి 75 శాతం, తీవ్ర స్థాయికి 90 శాతం, అతి తీవ్ర స్థాయికి 100 శాతం ఇస్తారు. కాబట్టి మధ్యస్థ స్థాయి అని తేలిన బిడ్డ రోజువారీ పనులన్నింటికీ తల్లి మీద ఆధారపడినా, పన్ను చట్టం దృష్టిలో 80 శాతం గీతకు ఇవతలే ఉంటాడు. మినహాయింపు 75,000 రూపాయలే. ఇది తల్లిదండ్రులకు మింగుడుపడని సంగతి. అయినా మార్గదర్శకాల్లోని కొలత అదే. ఆటిజానికి భారతీయ ఆటిజం మదింపు కొలమానాన్ని, వినికిడికి ఆడియోమెట్రీని, చిన్న పిల్లలకైతే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్షను ఉపయోగిస్తారు. వెళ్లే ముందే పాత పరీక్షల నివేదికలు వరుసగా పెట్టుకొని వెళితే వైద్యునికి పని తేలికవుతుంది. మేధో వైకల్యం, ఆటిజం మదింపు విషయంలో జిల్లాలో సందిగ్ధం ఏర్పడితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో పరీక్ష చేయించుకొని ఆ నివేదికను వెంట తీసుకురావచ్చు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వంటి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు వంగిపోయిన వారిని అవయవ సంబంధ వైకల్యం కింద పరీక్షిస్తారు. అక్కడ కూడా చూసేది వ్యాధి పేరును కాదు, కాళ్లు చేతులు ఎంత మేరకు పనిచేస్తున్నాయన్నదే.

కార్డు రంగు చూసి కూడా వర్గాన్ని గుర్తించవచ్చు: 40 శాతం కంటే తక్కువకు తెలుపు, 40 నుంచి 80 లోపు వారికి పసుపు, 80 శాతం, ఆ పైన ఉన్నవారికి నీలం. తెల్ల కార్డుతో 80డీడీ కోరడానికి వీల్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది గడువు. పెరిగే పిల్లలకు ఇచ్చే ధ్రువపత్రాలు చాలా వరకు తాత్కాలికమైనవి. మేధో వైకల్యం విషయంలో 5, 10, 18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్ష చేయించాలి. 18 ఏళ్లకు ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. ధ్రువపత్రం గడువు ముగిసిన ఆర్థిక సంవత్సరం వరకు మినహాయింపు దొరుకుతుంది, ఆ తరువాతి సంవత్సరాలకు కొత్త పత్రం ఉంటేనే కోరాలని 80డీడీ సెక్షన్‌లోనే ఉంది. దరఖాస్తు చేశాక పత్రం రావడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు కనుక, గడువు ముగిసే ఏడాది దీపావళి నాటికే పునఃపరీక్షకు దరఖాస్తు చేసి ఉంచితే తరువాతి సంవత్సరానికి ఇబ్బంది ఉండదు.

రెండవ మెట్టు: ఫారం 10-ఐఏ ఎవరికి కావాలి

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఈ మూడింటికే ఫారం 10-ఐఏ కావాలి. చూపు, వినికిడి, అవయవ, మేధో వైకల్యం, మానసిక రుగ్మత వంటి మిగిలిన వాటికి వైకల్య ధ్రువపత్రం సరిపోతుంది. ఈ తేడా తెలియక అవసరం లేనివారు ఫారం కోసం తిరగడం, అవసరమైనవారు అది లేకుండానే రిటర్ను వేయడం రెండూ జరుగుతుంటాయి.

ఈ ఫారం మీద సంతకం చేసే అధికారం న్యూరాలజీలో ఎండీ పట్టా ఉన్న న్యూరాలజిస్టుకు, పిల్లల విషయంలో తత్సమాన పట్టా ఉన్న పీడియాట్రిక్ న్యూరాలజిస్టుకు, లేదా ప్రభుత్వ ఆసుపత్రిలోని సివిల్ సర్జన్‌కు గానీ చీఫ్ మెడికల్ ఆఫీసర్‌కు గానీ ఉంది. మామూలు పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఎంత బాగా బిడ్డను ఎరిగినవారైనా వారి సంతకం ఇక్కడ చెల్లదు. న్యూరాలజిస్టు హైదరాబాద్‌లోనే దొరికే కుటుంబాలు మామూలు చెకప్‌కు వెళ్లినప్పుడే ఫారం ముద్రించుకొని వెంట తీసుకువెళితే ఒక ప్రయాణం కలిసివస్తుంది. వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య, ముద్ర, తేదీ, వైకల్యం తాత్కాలికమా శాశ్వతమా అన్న గడి, తాత్కాలికమైతే ఎప్పటివరకు అన్న గడి ఖాళీగా ఉండకుండా అక్కడికక్కడే చూసుకోవాలి.

సంతకమైన ఫారం బీరువాలో ఉంటే చాలదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో పన్ను చెల్లించే తల్లి లేదా తండ్రి లాగిన్ నుంచి ఈ-ఫైల్ విభాగంలోని ఆదాయపు పన్ను ఫారాల జాబితాలో 10-ఐఏను ఎంచుకొని, వివరాలు నింపి, ధ్రువపత్రం జతచేసి, ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. అప్పుడు వచ్చే రసీదు సంఖ్య, దాఖలు తేదీ రిటర్నులో నింపవలసి ఉంటుంది. కాబట్టి ఫారం ముందు, రిటర్ను తరువాత.

మూడవ మెట్టు: ఆఫీసులో చెప్పడం

జీతగాళ్లు ఏ విధానంలో ఉండదలచుకున్నారో, ఏ మినహాయింపులు కోరుతున్నారో యాజమాన్యానికి ముందుగానే తెలియజేయాలి. ప్రైవేటు సంస్థల్లో దీనికి ఫారం 12బీబీ ఉంది. ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఫిబ్రవరి జీతం బిల్లుకు ముందు డీడీవోకు (జీతాల బిల్లులు చేసే అధికారికి) ఇచ్చే పన్ను లెక్కల పత్రంలో 80డీడీ వరుస ఉంటుంది. దానికి ధ్రువపత్రం నకలు జతచేయాలి. ఒకవేళ అప్పటికి పత్రం రాకపోతే, పన్ను పూర్తిగా కోసినా చింతించవలసిన పని లేదు. రిటర్నులో మినహాయింపు కోరి అదనంగా కోసిన పన్నును రిఫండుగా పొందవచ్చు. ఆఫీసులో కొత్త విధానం ఎంచుకున్న జీతగాళ్లు కూడా రిటర్ను వేసేటప్పుడు పాత విధానానికి మారవచ్చు.

నాలుగవ మెట్టు: రిటర్ను దాఖలు

రిటర్ను నింపేటప్పుడు మొదట కొత్త విధానం వద్దనే ప్రశ్నకు "అవును" అని గుర్తు పెట్టాలి. వ్యాపారం లేదా వృత్తి ఆదాయం ఉన్నవారు, ఉదాహరణకు సూర్యాపేటలో దుకాణం నడిపేవారు, రిటర్నుకు ముందు ఫారం 10-ఐఈఏ విడిగా దాఖలు చేయాలి. వారు ఒకసారి పాత విధానం నుంచి తిరిగి కొత్త విధానానికి వచ్చాక, వ్యాపార ఆదాయం ఉన్నంత కాలం మళ్లీ పాతదానికి పోలేరు. కనుక తొందరపడి మారకూడదు.

తరువాత 80డీడీ షెడ్యూలు తెరుచుకుంటుంది. అందులో వైకల్యం మామూలుదా తీవ్రమైనదా, ఆటిజం తదితర వర్గమా ఇతర వర్గమా, ఆధారితుడితో సంబంధం, బిడ్డ పాన్, ఆధార్, 10-ఐఏ దాఖలు తేదీ, రసీదు సంఖ్య, యూడీఐడీ సంఖ్య అడుగుతారు. ధ్రువపత్రాన్ని రిటర్నుకు జతచేసే ఏర్పాటు లేదు కాబట్టి ఈ వివరాలే రుజువుగా నిలుస్తాయి. జీతం, కోసిన పన్ను వివరాలతో యాజమాన్యం ఇచ్చే ఫారం 16లో చూపిన అంకెకూ ఇక్కడి అంకెకూ తేడా ఉంటే ఆ తేడాకు కారణమైన కాగితం దగ్గర ఉండాలి.

గడువు విషయంలో రాజీ లేదు. జీతగాళ్లకు మామూలుగా జూలై 31 ఆఖరి తేదీ. ఆ తేదీ దాటిన తరువాత వేసే ఆలస్యపు రిటర్నులో పాత విధానం ఎంచుకొనే వీలుండదు. దానితో పాటే 80డీడీ కూడా పోతుంది. ఆఖరు రోజుల్లో మీసేవ ముందో, ట్యాక్స్ కన్సల్టెంట్ ముందో వరుసలో నిలబడటం కన్నా ఫారం 16 చేతికి రాగానే జూన్‌లోనే పని ముగించడం మంచిది.

బిడ్డ పేరున సొమ్ము పెట్టాలనుకునేవారికి

మన తరువాత బిడ్డ గతి ఏమిటన్న బెంగ ప్రతి తల్లిదండ్రికీ ఉంటుంది. ఆమోదం పొందిన పథకంలో ఎల్ఐసీ వంటి బీమా సంస్థకు బిడ్డ కోసం చెల్లించే సొమ్ము కూడా 80డీడీలోకే వస్తుంది. వైద్య ఖర్చు, ఈ చెల్లింపు రెండూ ఉన్నా మినహాయింపు మాత్రం ఒకే స్థిర మొత్తం. మొదట్లో తల్లి లేదా తండ్రి మరణించాకే బిడ్డకు సొమ్ము అందాలనే షరతు ఉండేది. దీని మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ షరతును కొట్టివేయకపోయినా కేంద్రాన్ని పునరాలోచించమని కోరింది; 2022 ఫైనాన్స్ చట్టం ఆ షరతును సడలిస్తూ సవరణ తెచ్చింది. ఇప్పుడు చెల్లించే వ్యక్తికి 60 ఏళ్లు నిండి, చెల్లింపు ఆపివేసిన తరువాత కూడా బిడ్డకు యాన్యుటీ (విడతలుగా క్రమం తప్పకుండా వచ్చే సొమ్ము) లేదా ఏకమొత్తం అందవచ్చు. బిడ్డే ముందుగా మరణిస్తే తిరిగి వచ్చే సొమ్ము ఆ ఏడాది తల్లిదండ్రుల ఆదాయంగా పన్నుకు వస్తుంది.

బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే మరొక సంగతి తెలుసుకోవాలి. మైనరు పిల్లల ఆదాయాన్ని సాధారణంగా తల్లి లేదా తండ్రి ఆదాయానికి కలుపుతారు; 80యూ సెక్షన్‌లో చెప్పిన వైకల్యమున్న మైనరు బిడ్డ ఆదాయాన్ని మాత్రం కలపనక్కరలేదని 64(1ఏ) సెక్షన్ చెబుతోంది. పాత, కొత్త విధానాలు రెండింటిలోనూ ఇది పనికివస్తుంది. వడ్డీ మీద బ్యాంకు పన్ను కోస్తుంటే బిడ్డ పాన్‌తోనే రిటర్ను వేసి తిరిగి పొందవచ్చు. అయితే ఆ రిటర్నులో 80యూ కోరితే తల్లిదండ్రుల 80డీడీ ఆగిపోతుంది; కనుక బిడ్డ ఆదాయం పన్ను పరిమితి లోపలే ఉంటే 80యూ జోలికి పోవలసిన పనే లేదు.

తలసేమియా, హీమోఫీలియా వంటి జబ్బులున్న పిల్లలకు 80డీడీబీ అనే వేరే సెక్షన్ ఉంది. దానిలో నిపుణుని ప్రిస్క్రిప్షన్ మీద నిజంగా అయిన ఖర్చు, 40,000 రూపాయలకు మించకుండా, బీమా నుంచి వచ్చినది పోగా తగ్గుతుంది. ఇదీ పాత విధానంలోనిదే.

నోటీసు వచ్చినప్పుడు

రిఫండులో వాటా తీసుకొంటామని చెప్పి, ఇంట్లో వైకల్యమున్న వారు లేకపోయినా 80డీడీ, 80డీడీబీ నింపే ఏజెంట్లున్నారు. ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశవ్యాప్తంగా సోదాలు జరిపింది. అబద్ధపు వివరాలతో ఆదాయం తగ్గించి చూపితే ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా పడవచ్చు. అది ఏజెంటు కట్టేది కాదు, పాన్ ఉన్న మనిషి కట్టేది. ఇలాంటి వారి వల్ల నిజమైన కుటుంబాలకు కూడా ప్రశ్నలు వస్తున్నాయి కనుక, ఏ ఏడాదికా ఏడాది ఒక కవరులో ధ్రువపత్రం నకలు, 10-ఐఏ రసీదు, థెరపీ కేంద్రం లేదా ప్రత్యేక పాఠశాల రసీదులు కొన్ని, ఆసుపత్రి బిల్లులు, డబ్బు చెల్లించిన బ్యాంకు ఖాతా పేజీ ఉంచాలి. ఖర్చుకు లెక్క అడగకపోయినా, బిడ్డ మీద ఖర్చు జరిగిందని, అది కోరినవారి చేతి నుంచే జరిగిందని చూపడానికి ఇవి పనికివస్తాయి. నోటీసు వస్తే పోర్టల్‌లోనే, అందులో ఇచ్చిన గడువులోగా, ఈ కాగితాలను స్కాన్ చేసి జవాబుతో జతచేయాలి.